హరీ రోష్నీ

మా షాదీల్లో కొత్త రివాజ్ ఒకటి వచ్చి కూర్చుంది. ఒకప్పుడు బారాత్ అంటే మర్ఫా. తర్వాత బ్యాండ్ మేళం, నెత్తి మీద పెట్రోమాక్స్ లైట్లు మోసే మనుషులు. ఇప్పుడు డీజే బండి, దాని మీద గిర్రున తిరిగే లేజర్ లైట్లు. హరా, లాల్, నీలా గీతలు గల్లీ గోడల మీద, కరెంటు తీగల మీద, బాల్కనీల్లో నిలబడ్డ ఆడవాళ్ళ దుపట్టాల మీద, ఆ పైన ఖాళీ ఆకాశంలోకి. డీజే పెట్టుకునే స్తోమత లేని చోట కూడా పెన్ను సైజు లేజర్లు ఉంటాయి. నుమాయిష్‌లో దొరుకుతాయి, చాంద్ రాత్ నాడు చార్మినార్ ఫుట్‌పాత్ మీద దొరుకుతాయి, ఆన్‌లైన్‌లో ఇంటికే వస్తాయి. పిల్లలకు ఈదీ డబ్బులు చాలు.

ఈ మధ్య చాంద్రాయణగుట్ట అవతల ఒక షాదీఖానాలో వలీమాకి వెళ్ళాను. కింద రెండో దస్తర్‌ఖాన్ నడుస్తోంది. కాస్త గాలి కోసం మేడ మీదికి వెళ్తే అక్కడ అయిదారుగురు పిల్లలు, పదమూడు పద్నాలుగేళ్ళ వాళ్ళు. దూరంగా శంషాబాద్ వైపు దిగుతున్న విమానం లైట్లు కనిపిస్తున్నాయి. ఒకడి చేతిలో హరా లేజర్. "లగా రే, లగా!" అని మిగతావాళ్ళ షోర్. నేను చెయ్యి చాపితే పిల్లాడు మారు మాట్లాడకుండా ఇచ్చేశాడు. మంచి తర్బియత్ ఉన్నవాడే. కానీ ఇస్తూ ఇస్తూ ఒక సవాల్ వేశాడు: "ఇత్తీ సీ లైట్ ఉత్తే బడే జహాజ్‌కు క్యా కర్తీ చచ్చా?"

ఇంత చిన్న లైట్ అంత పెద్ద విమానాన్ని ఏం చేస్తుంది? ఉర్దూలో సవాల్ అంటే ప్రశ్న, తెలుగులో సవాలంటే పోటీ. వాడిది రెండూ. అక్కడ నాలుగు మాటలు చెప్పి పంపాను. ఇక్కడ వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే ఆ సవాల్ పిల్లలది మాత్రమే కాదు. ఆ లేజర్ కొనిచ్చిన పెద్దలది, డీజే బండికి అడ్వాన్స్ ఇచ్చిన దుల్హా అన్నలది కూడా.

ముందు ఆ రోష్నీ సంగతి. గోడ మీద లేజర్ చుక్క పప్పు గింజంత ఉంటుంది కాబట్టి విమానం దగ్గర కూడా అంతే ఉంటుందని అనుకుంటాం. ఉండదు. లేజర్ కిరణం ఎంత సన్నగా బయల్దేరినా దూరం వెళ్ళేకొద్దీ విచ్చుకుంటుంది. మామూలు పెన్ను లేజర్‌లో అది కిలోమీటరు దూరానికి సుమారు ఒక మీటరు వెడల్పు అవుతుంది. మూడు కిలోమీటర్లకు మూడు మీటర్లు. అంటే కాక్‌పిట్ అద్దం మొత్తాన్ని కప్పేంత. ఆ అద్దం మీద సన్నటి గీతలు, ధూళి ఉంటాయి. వెలుగు వాటికి తగిలి చెదిరి, అద్దమంతా ఒక హరా పర్దాలాగా మెరుస్తుంది. పర్దా అవతల రన్‌వే లైట్లు వెలుగుతూనే ఉంటాయి, పైలట్‌కి మాత్రం కనిపించవు. పైగా కింద పిల్లాడి చెయ్యి నిలకడగా ఉండదు. కాబట్టి ఆ వెలుగు వస్తూ పోతూ, చీకటి గదిలో ఎవరో ముఖం మీద కెమెరా ఫ్లాష్ మళ్ళీ మళ్ళీ కొడుతున్నట్టు ఉంటుంది.

రాత్రి పూట పైలట్లు కాక్‌పిట్ దీపాలు తగ్గించుకుని కూర్చుంటారు. బయటి చీకటిలో రన్‌వే కనిపించాలి కదా. మనిషి కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఆ అలవాటు పోవడానికి మాత్రం ఒక్క లమ్హా చాలు. సహరీకి లేచి చీకట్లోనే వంటింటి వైపు నడుస్తున్నప్పుడు ఎవరైనా కళ్ళల్లోకి ఫోన్ టార్చ్ కొడితే ఏమవుతుందో గుర్తు చేసుకోండి. గోడ పట్టుకుని ఆగిపోతాం. పైలట్‌కి పట్టుకోవడానికి గోడ లేదు, ఆగడానికి వీల్లేదు.

ఈ స్థితికి తెలుగులో కళ్ళు మిరుమిట్లు కమ్మడం అంటాం, ఉర్దూలో చకాచౌంద్. వెలుగు పోయాక కూడా కళ్ళ ముందు ఒక మచ్చ తేలుతూ ఉంటుంది. కళ్ళు ఎటు తిప్పితే అటు వస్తుంది, సరిగ్గా ఎక్కడ చూడాలనుకుంటే అక్కడే కూర్చుంటుంది. వెయ్యేళ్ళ కింద బస్రాలో పుట్టి, ఖాహిరాలో జీవించిన ఇబ్న్ అల్ హైసమ్ తన కితాబ్ అల్ మనాజిర్‌లో ఇదే విషయాన్ని దలీల్‌గా వాడుకున్నాడు. కంట్లోంచి కిరణాలు బయటికి పోయి వస్తువును తాకుతాయి కాబట్టి మనకు కనిపిస్తుందని అప్పట్లో చాలామంది ఆలిమ్‌లు నమ్మేవారు. తీవ్రమైన వెలుగును చూస్తే కన్ను నొప్పి పెడుతుంది, తర్వాత చీకట్లోకి చూసినా ఆ వెలుగు జాడ కాసేపు నిలిచే ఉంటుంది. కాబట్టి వెలుగే వచ్చి కంటి మీద పని చేస్తోందని ఆయన వాదించాడు. ఆయన చెప్పిన ఆ జాడే ఈ రోజు రన్‌వే మీదికి దిగే పైలట్ కళ్ళల్లో తేలుతున్న మచ్చ.

అందులోనూ హరా రంగు. మన దర్గా చాదర్లకు, జెండాలకు, గుంబదులకు ప్యారా రంగు. అల్లాహ్ మన కళ్ళను కూడా ఆ రంగుకు దగ్గరగానే చేశాడు. పగటి వెలుగులో మనిషి కన్ను సుమారు 555 నానోమీటర్ల దగ్గర, అంటే ఆకుపచ్చ దగ్గర, అన్నిటికంటే చురుగ్గా పని చేస్తుంది. మార్కెట్లో దొరికే హరా లేజర్లు ఎక్కువగా 532 నానోమీటర్లు. అందుకే అదే శక్తి ఉన్న లాల్ లేజర్ కన్నా హరా లేజర్ ఎన్నో రెట్లు ఎక్కువ వెలుగుగా అనిపిస్తుంది. పిల్లలు హరాదే కావాలని అడగడానికి కారణం అదే. పైలట్లు హరా అంటే హడలిపోవడానికి కారణం కూడా అదే.

ఇక టైమ్ ఎంత ఉంటుందో చూడండి. దిగే విమానం సుమారు 3 డిగ్రీల వాలులో వస్తుంది. రన్‌వేకి 5 కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు దాని ఎత్తు 260 మీటర్ల చుట్టుపక్కల. వేగం గంటకు సుమారు 250 కిలోమీటర్లు, అంటే సెకనుకు 70 మీటర్లు. నేల తాకడానికి ఇంకా మిగిలింది నిమిషం పైచిలుకు. ఆ నిమిషంలోనే వేగం, ఎత్తు, గాలి, రన్‌వే మధ్య గీత, అన్నీ చూసుకోవాలి. కళ్ళ ముందు మచ్చ ఒక పది సెకన్లు ఉంటే, ఆ పది సెకన్లలో విమానం 700 మీటర్లు వచ్చేసి ఉంటుంది.

పైలట్లకు దీనికి కూడా ట్రైనింగ్ ఉంది. వెలుగు వైపు చూడకూడదు, కళ్ళు నలపకూడదు, కాక్‌పిట్ దీపాలు పెంచాలి, పక్కనున్న పైలట్ కళ్ళు బాగుంటే కంట్రోల్ ఆయనకు అప్పగించాలి. నమ్మకం కుదరకపోతే దిగడం మానేసి మళ్ళీ పైకి లేపి, చుట్టు తిరిగి రావాలి. అదృష్టం ఏమిటంటే పెద్ద విమానంలో ఇద్దరు ఉంటారు. హెలికాప్టర్‌లో చాలాసార్లు ఒక్కడే ఉంటాడు. అది ఎగిరేది తక్కువ ఎత్తులో, దాని ముందుభాగం చాలా వరకు అద్దమే. లోపల పేషెంట్ ఉన్నా, పోలీసులు ఉన్నా, అందరి జాన్ ఆ ఒక్కడి రెండు కళ్ళ మీద.

ఇక్కడ ఒక ఇన్సాఫ్ మాట చెప్పాలి. లేజర్ కారణంగా ప్రయాణికుల విమానం కూలిందన్న దాఖలా ఇప్పటిదాకా లేదు. ఇది విన్నవాళ్ళు, "మరి ఇంత గోల ఎందుకు భాయ్" అంటారు. నా జవాబు ఇది. ఒక విమానం క్షేమంగా దిగడానికి ఎన్నో రక్షణలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. రెండో పైలట్, యంత్రాలు, కంట్రోల్ టవర్, సంవత్సరాల ట్రైనింగ్. లేజర్ వాటిలో ఒకదాన్ని తీసేస్తుంది, మనిషి చూపును. అదే రాత్రి వాన ఉంటే? ఇంజిన్‌లో ఖరాబీ ఉంటే? రన్‌వే మీద ఇంకో విమానం ఉంటే? ఇప్పటిదాకా ఏమీ కాలేదంటే అది అల్లాహ్ కరమ్, పైలట్ల హునర్. మేడ మీద లేజర్ పట్టుకున్న మన పిల్లల గొప్పతనం మాత్రం అందులో ఏమీ లేదు.

కూలకపోయినా జరిగేవి జరుగుతూనే ఉన్నాయి. 2016 ఫిబ్రవరిలో లండన్ నుంచి న్యూయార్క్ బయల్దేరిన వర్జిన్ అట్లాంటిక్ విమానం, లేజర్ తగిలి పైలట్‌కి తబియత్ బాగాలేక, ఐర్లండ్ దాకా వెళ్ళి వెనక్కి తిరిగి హీత్రూలో దిగింది. 2021 అక్టోబర్‌లో కలకత్తాలోని శ్రీభూమిలో దుర్గా పూజకి బుర్జ్ ఖలీఫా నమూనా కట్టి లేజర్ షో పెట్టారు. పైలట్ల ఫిర్యాదుతో ఆ షో ఆపేయాల్సి వచ్చింది. 2025 మే నెలలో దుబాయ్ నుంచి వచ్చి చెన్నైలో దిగుతున్న ఎమిరేట్స్ విమానం మీద లేజర్ వేశారు. అమెరికాలో 2010లో ఇలాంటి ఫిర్యాదులు 2,836 వస్తే, 2023లో 13,304 వచ్చాయి. దీని మీద ఆ దేశంలో 2012లో, బ్రిటన్‌లో 2018లో చట్టం వచ్చింది. రెండు చోట్లా అయిదేళ్ళ దాకా జైలు. చూశారు కదా, ఈ బీమారీకి మజ్హబ్ లేదు, ముల్క్ లేదు. పూజ పందిరి నుంచి వచ్చినా, బారాత్ బండి నుంచి వచ్చినా పైలట్ కంటికి ఒకే రంగు.

దుబాయ్ నుంచి వస్తున్న విమానం అన్నాను. అందులో ఎవరుంటారో మనకు వేరే చెప్పాలా? శంషాబాద్‌లో రాత్రి దిగే విమానాల్లో రియాద్, జెద్దా, దోహా, దుబాయ్, కువైట్ నుంచి వచ్చేవి ఎన్నో. రెండేళ్ళకు ఒకసారి సెలవు దొరికిన డ్రైవర్లు, నిజామాబాద్, కరీంనగర్ మజ్దూర్లు, అబ్బా మయ్యత్‌కి అందుకోలేక మూడో రోజు జియారత్‌కైనా చేరాలని వస్తున్న కొడుకులు. హజ్ నుంచి తిరిగి వచ్చే హాజీలు, ఒళ్ళో జంజం డబ్బా పట్టుకున్న ముసలివాళ్ళు. మా అమ్మీ ఉమ్రా నుంచి వచ్చింది కూడా అలాంటి ఒక రాత్రి విమానంలోనే. మేడ మీద పిల్లాడికి కనిపించేది ఎగిరే లైట్లు. నాకు కనిపించేది కిటికీ పక్కన తస్బీహ్ తిప్పుకుంటున్న అమ్మీ.

అమ్మీ అంటే ఇంకో సంగతి. ఆమెకు చాలా ఏళ్ళుగా షుగర్. కంటి వెనక రక్తనాళాలు కారుతున్నాయని డాక్టర్ లేజర్ చేశారు. ఆ చికిత్సలో వాడే లేజర్ చాలాచోట్ల హరాదే, అదే 532 నానోమీటర్లు. కానీ అక్కడ ఎంత ఎహతియాత్! గడ్డం ఒక స్టాండ్ మీద ఆనించారు, తల కదలకుండా పట్టీ పెట్టారు, కంటి మీద ప్రత్యేకమైన అద్దం ఉంచారు, ఎంత శక్తి, ఎంతసేపు అనేది లెక్క పెట్టి ఒక్కో చుక్క వేశారు. ఆ చుక్కలు రెటీనాను కాలుస్తాయి, మిగతా చూపును కాపాడటానికి. అంటే హరీ రోష్నీ కంటిని కాల్చగలదని డాక్టర్లకు తెలుసు, అందుకే కొలిచి వాడతారు. మన పిల్లలకు కొలత లేదు.

మేడ మీద ఆట ముందు మన ఇంటి కళ్ళకే ఖతరా. లేజర్ 1 మిల్లీవాట్ లోపు ఉంటే, కన్ను పావు సెకనులో దానంతట అదే మూసుకుంటుంది కాబట్టి చాలావరకు బచావ్ ఉంటుంది. ఫుట్‌పాత్ మీద దొరికే వాటి మీద ఏ అంకె రాసి ఉన్నా లోపల ఉన్నది వేరేగా ఉండొచ్చు. హరా పెన్నులు చాలావాటిలో ముందు కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు పుట్టి, తర్వాత అది హరాగా మారుతుంది. సస్తా వాటిలో ఫిల్టర్ లేకపోతే ఆ కనిపించని వెలుగు కూడా బయటికి వస్తుంది. కనిపించనిదానికి కన్ను మూసుకోదు. రెటీనాకు నొప్పి తెలియదు. చెల్లెలి కంట్లో అన్న సరదాగా వేసిన లేజర్ చూపు మధ్యలో మచ్చ పెట్టేస్తే, పిల్ల ఏడవదు కూడా. బోర్డు మీద అక్షరాలు కనిపించడం లేదని టీచర్ చెప్పినప్పుడు గానీ మనకు తెలియదు. అలా పోయిన చూపు చాలాసార్లు పూర్తిగా తిరిగి రాదు.

"మనది ఎయిర్‌పోర్టుకి దూరం కదా" అనేవాళ్ళున్నారు. ఎయిర్‌పోర్టు చుట్టూ 18.5 కిలోమీటర్ల వలయంలో లేజర్ వెలుగు ఎంత దాటకూడదో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ హద్దు పెట్టింది. శంషాబాద్ నుంచి గీత గీస్తే చార్మినార్ సుమారు 14 కిలోమీటర్లు. చాంద్రాయణగుట్ట, ఫలక్‌నుమా, పహాడీ షరీఫ్ ఇంకా దగ్గర. గోల్కొండ, టోలీచౌకీ, మెహదీపట్నం కూడా లోపలే. మొత్తం పాతబస్తీ ఆ వలయంలో ఉంది. అవతల బేగంపేట, హకీంపేట, దుండిగల్ ఎయిర్‌ఫీల్డుల సంగతి వేరే.

ఇప్పుడు కాస్త చేదు మాట. దేశంలో చాలా ఎయిర్‌పోర్టుల చుట్టూ పోలీసులు లేజర్లు ఆకాశంలోకి వేయొద్దని ఉత్తర్వులు ఇస్తుంటారు. అవి దాటితే భారతీయ న్యాయ సంహితలో 223 సెక్షన్ ఉంది, నిర్లక్ష్యంతో ఎదుటివాళ్ళ జాన్‌కు ముప్పు తెస్తే 125 ఉంది. దొరకడం కష్టమేమీ కాదు. లేజర్ గీత రెండు వైపులా కనిపిస్తుంది. పైనుంచి చూసే పైలట్‌కి అది సరిగ్గా ఏ మేడ మీద నుంచి లేస్తోందో తెలుస్తుంది. ఆయన టవర్‌కి చెప్తాడు, టవర్ పోలీసులకు చెప్తుంది.

ఆ తర్వాత ఏమవుతుందో నాకు అఖ్బార్ డెస్క్ మీద కూర్చున్న అనుభవం కొద్దీ తెలుసు. హెడ్డింగ్‌లో నాలుగు మాటలకే జాగా ఉంటుంది. ఒకే పనిని "ఆకతాయి చేష్ట" అనొచ్చు, "విమానంపై దాడి" అనొచ్చు. ఏ మాట పడుతుందనేది ఒక్కోసారి పట్టుబడ్డవాడి పేరు మీద ఆధారపడుతుంది. మన పిల్లాడి షరారత్‌ని షరారత్ అనుకునే తీరిక అందరికీ ఉండదు. కేసు తేలేదాకా పాస్‌పోర్ట్ వెరిఫికేషన్ దగ్గరే ఆగిపోతుంది. సౌదీ వీసా కోసం అప్పు చేసిన ఇంట్లో పెన్ను లేజర్ ఎంత మహెంగా పడుతుందో లెక్క వేసుకోండి.

అయినా పిల్లలకు ఈ డర్ ఒక్కటే చెప్పి ఆపేయడం నాకు ఇష్టం లేదు. డర్ చెప్తే దొరక్కుండా వేయడం నేర్చుకుంటారు. దారిలో ఉన్న ముల్లును, రాయిని పక్కకు తీసేయడం కూడా ఈమాన్‌లో భాగమని మనం మక్తబ్‌లోనే నేర్చుకున్నాం. ఆకాశం కూడా దారే. అక్కడ పోయేవాడు ముసాఫిర్. ముసాఫిర్ దువా ఖబూల్ అవుతుందని మన పెద్దలు అంటారు, ఇంటికి వచ్చిన ముసాఫిర్‌కి తాము తినకుండా పెట్టారు. అలాంటి ఇంటి పిల్లలు ముసాఫిర్ దారిలో ముల్లు వేయడమేంటి? ఇది హుఖూఖుల్ ఇబాద్ సంగతి, తోటి మనుషుల హక్కు. నమాజ్ ఖజా చేసుకోవచ్చు, ఇంకొకరి కన్ను ఖజా చేయలేం.

చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. ఇంట్లో లేజర్ ఉంటే, అది పిల్లలకు ఖిలోనా కాదని చెప్పి సెల్స్ తీసేయండి. డీజే మాట్లాడేటప్పుడే లేజర్ వద్దని, మామూలు రంగు లైట్లు గోడల వైపు, నేల వైపు మాత్రమే తిప్పమని చెప్పండి. షాదీఖానా మేనేజర్లు మేడ తాళం వేస్తే సగం పని అయిపోతుంది. ఇమాం సాబ్‌లు జుమా బయాన్‌లో రెండు నిమిషాలు ఇస్తే మా లాంటి వాళ్ళ రెండు వేల మాటల కన్నా ఎక్కువ అసర్ ఉంటుంది. ఎవరైనా వేస్తూ కనిపిస్తే వీడియో తీసి వాట్సప్‌లో పెట్టకండి, దగ్గరికి వెళ్ళి ఆపండి. చాలామంది పిల్లలు ఆగుతారు. వాళ్ళకు ఎవరూ చెప్పలేదు, అంతే.

వచ్చే నెల మా ఖాలా మనవరాలి షాదీ. డీజే అబ్బాయితో నేనే మాట్లాడాను. ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. "లేజర్ లేకుంటే రౌనక్ ఏముంటది భాయ్" అన్నాడు. ఉండకపోయినా ఫర్వాలేదన్నాను. రేటు మాత్రం తగ్గించడట. సరే అన్నాను.